చలికాలం షికార్లు, ఉత్తుత్తి ఆటలు: చిన్నపిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి శివరాత్రి దాకా మన దగ్గర పిల్లల్ని బయట తిప్పడానికి మంచి కాలం. ఎండ నెత్తి మాడ్చదు, వాన బురద ఉండదు, పండగ సెలవులు కలిసొస్తాయి. ఏడాది నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలున్న ఇళ్ళలో ఈ రోజుల్లో వచ్చే సందేహాలకు తోచిన జవాబులు ఇవి.

ఉత్తుత్తి ఆట అంటే ఏ ఆటలు? ఎప్పుడు మొదలవుతాయి?

ఖాళీ గ్లాసు నోటికి పెట్టుకుని తాగినట్టు చేసి మూతి తుడుచుకోవడం దీనికి మొదలు. చాలామంది పిల్లలు ఏడాదికీ ఏడాదిన్నరకీ మధ్య ఈ పని చేస్తారు. రెండేళ్ళకి బొమ్మకి బువ్వ పెడతారు, జోకొడతారు. మూడేళ్ళు వచ్చేసరికి తామే ఇంకొకరైపోతారు: డాక్టరు, కండక్టరు, అమ్మ, టీచరు. నాలుగైదేళ్ళకి ఆటలో కథ వస్తుంది, "నువ్వు ఇక్కడ ఏడవాలి, అప్పుడు నేను వస్తాను" అని మనకి మాటలు కూడా వాళ్ళే చెబుతారు. మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న బువ్వలాట, బొమ్మల పెళ్ళి, బడి ఆట ఇవే. పిల్లల ఎదుగుదల మీద పనిచేసిన స్విస్ శాస్త్రవేత్త పియాజే రెండు నుంచి ఏడేళ్ళ మధ్య వయసును ఇలాంటి ఆటలకు ముఖ్యమైన దశగా చెప్పాడు.

రెండేళ్ళు నిండినా ఇలాంటి ఆట ఏదీ కనిపించకపోతే, పిలిస్తే పలక్కపోతే, కావలసినదాన్ని వేలు పెట్టి చూపించకపోతే "మగపిల్లలకి మాటలు లేటే" అని ఎదురుచూడకుండా పిల్లల డాక్టరుకి చూపించండి.

షికారుకీ ఆటకీ సంబంధం ఏమిటి? ఇంట్లో బోలెడు బొమ్మలున్నాయి కదా?

పిల్లలు చూసినదాన్నే ఆడతారు. రైలెక్కి వచ్చిన పిల్ల మర్నాడు కుర్చీలు వరసగా వేస్తుంది. ఒకదాని మీద నాన్నమ్మని కూర్చోబెట్టి టికెట్ అడుగుతుంది, నడుమ "చాయ్ చాయ్" అని అరుస్తూ తిరుగుతుంది. రైలెక్కని పిల్లకి ప్లాస్టిక్ రైలు బొమ్మ కొనిస్తే దాన్ని అటూ ఇటూ తోస్తుంది, అంతే. ఆటకి సరుకు బయటి నుంచి వస్తుంది. పిల్లలు దాన్ని అర్థం చేసుకునేది ఇంటికొచ్చాక ఆడుకుంటూనే.

అందుకే నేను అందరికీ ఒకటే చెబుతాను. షికారు పెట్టుకున్న మర్నాడు, కనీసం ఒక పూట, ఏ పనీ పెట్టకండి. పొద్దున జూ, మధ్యాహ్నం మాల్, రాత్రికి పెళ్ళి రిసెప్షన్ అని సెలవుల్ని కిక్కిరిసేలా నింపితే పిల్లలకి అలసట మిగులుతుంది, ఆట మిగలదు. సెలవుల్లో రెండు చోట్లకి వెళ్ళి, మిగతా రోజులు ఆ రెండింటినీ ఇంట్లో ఆడుకోనివ్వడం పది చోట్లు తిప్పడం కంటే మేలు.

ఇంకో మాట. పిల్లల కన్ను మనం డబ్బు పెట్టి చూపించేదాని మీద పడకపోవచ్చు. ఏనుగుని చూపించడానికి తీసుకెళ్తే, పైపుతో నీళ్ళు కొడుతున్న మనిషి దగ్గర ఆగిపోతారు. ఆగనివ్వండి. "రా రా, పులి అక్కడుంది" అని లాక్కెళ్ళకండి. మర్నాడు బాల్కనీలో మొక్కలన్నీ ఏనుగులవుతాయి, మీరే చూస్తారు.

ఇంత చలిలో పసిపిల్లల్ని బయటికి తీసుకెళ్ళచ్చా?

ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని తీసుకెళ్ళచ్చు. మన ఊళ్ళలో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉండే చలికాలపు ఎండ హాయిగా ఉంటుంది. ఇబ్బందల్లా తెల్లవారుజామున, చీకటి పడ్డాక. కారులో దూరం వెళ్ళేవాళ్ళు సూర్యోదయానికి ముందు బయల్దేరే అలవాటు ఈ రెండు నెలలు మానుకోండి. హైవే మీద పొగమంచులో ముందున్న లారీ కూడా కనపడదు.

బట్టలు పొరలు పొరలుగా వెయ్యండి: లోపల కాటన్ బనీను, పైన పూర్తి చేతుల చొక్కా, ఆ పైన స్వెటరు. ఎండెక్కాక ఒక్కొక్కటి తీసెయ్యచ్చు. చలేస్తోందో లేదో తెలుసుకోడానికి అరచేతులు, పాదాలు పట్టుకుని చూడకండి, అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే సరిపోయింది. చెమట తగిలితే ఒక పొర ఎక్కువైంది. ఏడాది లోపు పిల్లల్ని ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు మంకీ టోపీ, మందపు రగ్గు వాడకండి. రగ్గు ముఖం మీదికి జరిగితే ఊపిరాడదు, టోపీతో ఒళ్ళు మరీ వేడెక్కుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో మాత్రం డాక్టరు చెప్పినట్టే చెయ్యండి.

బయట తిప్పితే జలుబు చేస్తుందని మా అమ్మ ఒప్పుకోవడం లేదు.

జలుబు వైరస్ వల్ల వస్తుంది. చలికాలంలో తలుపులు మూసుకుని అందరూ ఒకే గదిలో ఉండటం వల్ల అది ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా అంటుకుంటుంది. ఎండలో ఆడుకున్నందుకు జలుబు రాదు. అయినా అమ్మగారి భయం వెనక అనుభవం ఉంటుంది. చల్లగాలి, దుమ్ము, పొగ తగిలితే ఆయాసం ఉన్న పిల్లలకి నిజంగానే ఎక్కువవుతుంది. భోగి మంట పొగకి దూరంగా ఉంచాల్సిన పిల్లలు వీళ్ళే. ఏ పిల్లలున్నా మంటలో టైర్లు, ప్లాస్టిక్ వెయ్యద్దు.

డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళాల్సిన లక్షణాలు గుర్తుంచుకోండి. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకన్నా ఎక్కువ జ్వరం వస్తే ఆలస్యం చెయ్యకండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలు దాటి ఏడాది లోపు పిల్లల్లో 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 40 లేదా అంతకు మించి ఉంటే అది వేగంగా ఊపిరి తీసుకోవడమే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మత్తుగా ఉన్నా ఆ రాత్రే చూపించండి. ముక్కు కారుతూ హుషారుగా ఆడుకుంటున్న పిల్ల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు.

బండి మీద తీసుకెళ్ళేటప్పుడు?

ముందు నిలబెట్టుకుని తీసుకెళ్ళడం మానెయ్యండి. చలిగాలి తిన్నగా ముఖానికి కొడుతుంది, బ్రేకు వేస్తే హ్యాండిలు ఛాతీకి తగులుతుంది. కేంద్రం 2022లో తెచ్చిన నిబంధన ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ పిల్లలకి బండి నడిపేవాళ్ళతో కలిపి కట్టే బెల్టు, తలకి సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు.

ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది?

హైదరాబాద్‌లో నెహ్రూ జూ పార్కు (1963లో తెరిచారు) దాదాపు 380 ఎకరాలు. నాలుగేళ్ళ పిల్ల దాన్నంతా నడవలేదు, నడవాల్సిన పనీ లేదు. పొద్దున ఇంట్లోనే "ఈ రోజు ఏం చూద్దాం?" అని అడిగి మూడు జంతువులు ఎంచుకోండి. మిగతావి మళ్ళీసారి. హైదరాబాద్, విశాఖ జూలు రెండింటికీ సోమవారం సెలవు. గేటు దాకా వెళ్ళి పిల్లల్ని ఏడిపించుకుంటూ వెనక్కి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

నన్నడిగితే చలికాలంలో అన్నిటికన్నా మంచి షికారు పక్షుల దగ్గరికి. టెక్కలి దగ్గర తేలినీలాపురం, కైకలూరు పక్కన కొల్లేటి ఆటపాక, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, సూళ్ళూరుపేట వైపు నేలపట్టు, పులికాట్. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల మీద గుంపులుగా ఉంటాయి. పులికాట్‌లో ఫ్లెమింగోలు నీళ్ళలో వరసగా నిలబడతాయి. గూడబాతు ముక్కు కింద వేలాడే సంచీ చూస్తే పిల్లలు వదలరు. ఇంటికొచ్చాక దిండు గలీబు మెడకి కట్టమంటారు, అందులోకి చేపలంటూ బంతులు, సాక్సులు వేస్తారు. బైనాక్యులర్ కొనాల్సిన పని లేదు, చిన్నపిల్లలకి దానితో చూడటం రాదు. అట్టగొట్టం ఇస్తే చాలు, దాంతోనే అన్నీ కనిపిస్తాయంటారు.

ఇంత దూరాలు కుదరని ఆదివారాలు ఎక్కువే ఉంటాయి. రైతుబజారు, చెరువు గట్టు, కుమ్మరి వీధి, ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని రైల్వే స్టేషన్లో ఒక గంట. వీటిని తక్కువగా చూడకండి. కూరగాయలు తూచి, సంచీలో పోసి, చిల్లర ఇచ్చే మనిషిని దగ్గర్నుంచి చూసిన పిల్లకి వారానికి సరిపడా ఆట దొరుకుతుంది.

అరకు, లంబసింగి?

మూడేళ్ళు దాటినవాళ్ళకి అరకు బాగుంటుంది, అదీ రైల్లో. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే రైలు ఘాట్‌లో సొరంగం తరవాత సొరంగం దాటుతూ వెళ్తుంది. బోగీ చీకటవగానే పిల్లలందరూ ఒక్కసారి కేకలు పెడతారు, వెలుగు రాగానే నవ్వుతారు. మర్నాడు ఇంట్లో మంచం కింద దూరి దుప్పటి కప్పుకోవడం ఖాయం. కారులో అయితే ఘాట్ రోడ్డు మలుపులకి వాంతులవుతాయి. కడుపు నిండా తినిపించి ఎక్కించకండి, ఫోను చేతికివ్వకండి, కిటికీలోంచి దూరంగా చూడమనండి. ఒకే సీటులో గంటకి మించి కదలకుండా కూర్చోబెట్టకుండా మధ్యలో ఆగుతూ వెళ్ళండి. బొర్రా గుహల్లో మెట్లు తడిగా జారతాయి, నడక ఎక్కువ. చంటిబిడ్డని చంకలో కాకుండా ఒంటికి కట్టుకునే క్యారియర్‌లో పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

లంబసింగి సంగతి వేరు. అక్కడ చూడాల్సిన మంచు తెల్లవారుజామున ఉంటుంది, డిసెంబరు, జనవరిలో చలి సున్నా డిగ్రీల దగ్గరికి కూడా వెళ్తుంది. నిద్రపోతున్న రెండేళ్ళ పిల్లని మూడింటికి లేపి కారెక్కిస్తే చూసి ఆనందపడేది పెద్దవాళ్ళే. ఇంకో రెండేళ్ళు ఆగచ్చు.

నుమాయిష్‌కి చిన్నపిల్లలతో వెళ్ళచ్చా?

1938 నుంచి జరుగుతున్న ఎగ్జిబిషన్ అది, హైదరాబాద్ నాంపల్లి మైదానంలో, మామూలుగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు. శని, ఆదివారాలు, పండగ రోజులు వదిలేసి మామూలు రోజున గేట్లు తెరవగానే వెళ్ళి, దీపాలు పెట్టాక ఒక గంట ఉండి వచ్చెయ్యండి. లోపలికి వెళ్ళేముందు ఆ రోజు బట్టల్లో పిల్లల ఫోటో ఒకటి తియ్యండి. చీటీ మీద మీ ఫోన్ నంబరు రాసి జేబులో పెట్టండి. టాయ్ ట్రైన్ ఎక్కించండి. కొనిస్తానన్న వస్తువు ఒక్కటే అని బయల్దేరేముందే చెప్పండి. అక్కడ రద్దీలో ఆ బేరం కుదరదు.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం. పిల్లలకి ఏం చూపించాలి?

చూపించడం కన్నా వీధరుగు మీద కూర్చోబెట్టడం ముఖ్యం. అక్కడ కూర్చుంటే అన్నీ వాటంతటవే వస్తాయి. హరిదాసు నెత్తిన పాత్రతో, చిడతలు వాయిస్తూ వస్తాడు. పిల్ల చేతికే బియ్యం ఇచ్చి పొయ్యమనండి. ఆయన వంగి పోయించుకుంటాడు, పాత్ర నెత్తి మీంచి దించడు. పిల్లలు ఇది గమనిస్తారు. తరవాత మూడు రోజులు ఇంట్లో స్టీలు గిన్నెలన్నీ నెత్తి కెక్కుతాయి, పడిపోకుండా నడవడం నేర్చుకుంటారు, ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ బియ్యం అడుగుతారు. గంగిరెద్దు వస్తే ఇంకా సంబరం. దుప్పటి కప్పుకుని ఒకడు ఎద్దు, సన్నాయి ఊదేవాడు ఇంకొకడు, "అమ్మగారికి దండం పెట్టు" అనగానే తలూపడం. పెద్దనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు అందరూ కలిసినప్పుడు ఈ ఆటకి కావలసినంత మంది దొరుకుతారు. నగరంలో ఇద్దరే ఉండే ఇంట్లో ఇది కుదరదు. అందుకే పండగ నాలుగు రోజులూ పిల్లల్ని ఆ గుంపులో వదిలెయ్యండి. మూడేళ్ళవాడికి ఎప్పుడూ దూడ వేషమే ఇస్తున్నారని తగువొస్తే వాళ్ళే తేల్చుకుంటారు.

ముగ్గు వెయ్యనివ్వండి, అడ్డదిడ్డంగా వచ్చినా చెరపకండి. మీ ముగ్గు పక్కన వాళ్ళకో జానెడు చోటు ఇవ్వండి. గొబ్బెమ్మలకి పూలు గుచ్చే పని పిల్లలదే.

గాలిపటాల దగ్గర మాత్రం కఠినంగా ఉండాలి. పిట్టగోడ సరిగ్గా లేని మేడ మీదికి పంపకండి. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది. మెడలు కోస్తుంది, పక్షుల్ని చంపుతుంది. మామూలు నూలు దారం కొనండి.

భోగిపళ్ళు పోసేటప్పుడు జాగ్రత్తలు?

రేగుపళ్ళు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు: ఇవన్నీ పసివాళ్ళ గొంతుకి సరిగ్గా అడ్డుపడే సైజువే. పొయ్యడం అవగానే చాపంతా ఎత్తి దులపండి. చుట్టూ చేరిన చిన్నపిల్లలు ఏరుకుని నోట్లో పెట్టుకోకుండా పెద్దవాళ్ళొకరు అదే పనిగా చూడాలి. రేగుపండు గింజ తీసి ముక్కలుగా ఇవ్వండి. చంటిబిడ్డకైతే పూలరేకులు ఎక్కువ, పళ్ళు నాలుగు. పైనుంచి పొయ్యకుండా గుప్పిటతో మెల్లగా తల మీద జార్చాలి. బిడ్డ భయపడి ఏడిస్తే ముత్తైదువులందరూ పూర్తి చెయ్యాలని పట్టుపట్టకండి, అమ్మమ్మ ఒక్కరూ పోస్తే చాలు.

ఎలాంటి బొమ్మలు కొనాలి?

తక్కువ. ఏటికొప్పాక లక్కపిడతలు ఒక సెట్టు ఉంటే ఏళ్ళ తరబడి సరిపోతాయి. అంకుడు కర్రని తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు, అంచులు నున్నగా ఉంటాయి. మరీ చిన్న పిడతలు మూడేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వకండి. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేసినవి, బాగా తేలిక, పడేస్తే విరుగుతాయి. వాటిని కాస్త పెద్దపిల్లలకి, బొమ్మల కొలువుకి ఉంచండి. కొలువు మెట్ల మీద కింది మెట్టు పిల్లలకి వదిలిపెట్టే ఇళ్ళు నాకు చాలా ఇష్టం. అక్కడ దశావతారాల పక్కన ఆటో, ఆటో పక్కన డైనోసార్, వాటికో ఊరు, చెరువు అన్నీ వాళ్ళే పెడతారు.

బటన్ నొక్కితే తనే పాడి, తనే ఆడే బొమ్మ కొనకండి. దానితో పిల్ల చెయ్యడానికి ఏమీ ఉండదు. పాత చున్నీలు, అట్టపెట్టెలు, పాడైన ఫోను, గరిటెలు, బట్టల క్లిప్పులు దీనికన్నా బాగా పనికొస్తాయి.

"నాతో ఆడు" అని రోజంతా వెంటపడతాడు. ఉద్యోగం చేసి వచ్చాక ఓపిక ఉండటం లేదు.

రోజంతా ఆడక్కర్లేదు. ఫోను పక్కన పెట్టి పదిహేను నిమిషాలు పూర్తిగా ఆడండి, మధ్యలో లేవకండి. కథ వాళ్ళది, వాళ్ళు చెప్పినట్టు మీరు చెయ్యాలి. "అలా కాదు, డాక్టరు ఇలా చూస్తాడు" అని దిద్దకండి. మరీ అలసిపోయిన రోజున పేషెంట్ వేషం తీసుకోండి. పడుకునే ఉండచ్చు, వాళ్ళకి మందులివ్వడం, దుప్పటి కప్పడం మహా ఇష్టం. పదిహేను నిమిషాల తరవాత "ఇప్పుడు అమ్మ కూర తరుగుతుంది, నువ్వు నీ హోటల్లో వంట చెయ్యి" అని పక్కనే చోటిస్తే చాలామంది పిల్లలు తమంతట తాము కొనసాగిస్తారు.

మా బాబు ఎప్పుడూ వంటాటే ఆడతాడు. మా అత్తయ్యగారు "ఆడపిల్ల ఆటలేంటి" అంటున్నారు.

ఆడనివ్వండి. వండి, వడ్డించి, "ఇంకొంచెం వేసుకోండి" అనడం నేర్చుకుంటున్నాడు, అది ఎవరికైనా కావలసిందే. అత్తయ్యగారితో వాదన పెట్టుకోకుండా వాడి హోటల్‌కి ఆవిణ్ణే మొదటి గిరాకీ చెయ్యండి. "నాన్నమ్మా, ఇడ్లీలో చట్నీ వెయ్యనా, కారప్పొడి వెయ్యనా?" అని మనవడు అడిగితే కాదనే నాన్నమ్మలు తక్కువ.

మా పాపకి కనిపించని ఫ్రెండ్ ఉంది. దానికీ కంచం పెట్టమంటుంది. భయంగా ఉంది.

మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో ఇది మామూలే. దిష్టి తీయించాల్సిన పని లేదు, ఎగతాళి కూడా చెయ్యకండి. కంచం పెట్టండి. పాల గ్లాసు ఒలికింది ఆ ఫ్రెండ్ వల్ల అంటే మాత్రం "సరే, ఇద్దరూ కలిసి తుడవండి" అనండి. ఆ ఫ్రెండ్ భయపెడుతోందని పాప నిద్ర మానేస్తే, మనుషులతో కలవడమే తగ్గిస్తే డాక్టరుతో మాట్లాడండి.

తాతయ్య పోయాక బొమ్మని పాడె మీద పడుకోబెట్టి ఆడుతున్నాడు. ఆపాలా?

ఆపకండి. ఇంట్లో అందరూ ఎందుకు ఏడ్చారో, తాతయ్యని ఎక్కడికి తీసుకెళ్ళారో వాడికి ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. చూసినదాన్ని ఆడి అర్థం చేసుకుంటున్నాడు. పక్కన కూర్చోండి. అడిగితే "తాతయ్య చనిపోయాడు, మళ్ళీ రాడు, మనందరికీ బాధగా ఉంది" అని ఉన్నమాట చెప్పండి. "నిద్రపోయాడు" అని చెప్పకండి, పిల్లలు నిద్రంటేనే భయపడతారు. ఆసుపత్రిలో ఇంజెక్షన్ వేయించుకున్న పిల్ల వారం పాటు బొమ్మలన్నిటికీ సూది పొడవడం కూడా ఇలాంటిదే.

బయట చూపించే బదులు ఫోనులో జంతువుల వీడియోలు చూపిస్తే సరిపోదా?

సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకి రోజుకి గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. ఏడాది దాటినవాళ్ళు రోజంతా కలిపి కనీసం మూడు గంటలు కదులుతూ ఉండాలి. జూ నుంచి వచ్చాక, పిల్ల అడిగిన జంతువు గురించి కలిసి కూర్చుని ఐదు నిమిషాలు చూడటంలో తప్పులేదు.

మేం అమెరికాలో ఉంటాం. మంచు కురిసే చోట ఇవన్నీ ఎలా?

భోగిపళ్ళకి రేగుపళ్ళు దొరక్కపోతే క్రాన్‌బెర్రీలు పోస్తున్నారు, బాగానే ఉంటుంది. గొంతు జాగ్రత్త అక్కడా అదే. కారు సీటులో పెట్టేటప్పుడు ఉబ్బు జాకెట్ విప్పి బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి. జాకెట్ మీద బెల్టు బిగుసుకున్నట్టే ఉంటుంది కానీ లోపల వదులు. తడిసిన గ్లౌజులు వెంటనే మార్చండి. హరిదాసు వీధిలోకి రాడు కాబట్టి తాతయ్యని వీడియో కాల్‌లో పాడమనండి, పిల్ల నెత్తిన గిన్నె పెట్టండి. మంచు బొమ్మకి బొట్టు పెట్టి, కండువా కప్పే పిల్లల్ని ఆపకండి.

ఆట అయ్యాక ఇల్లు చూస్తే ఏడుపొస్తుంది. ఎలా సర్దించాలి?

రోజూ అంతా సర్దాలని పెట్టుకోకండి. కుర్చీల రైలు రెండు రోజులు ఉండాలంటే హాల్లో ఒక మూల ఉండనివ్వండి. మర్నాడు ఆట అక్కణ్ణుంచే ముందుకెళ్తుంది. మిగతా చోట్ల పడుకునేముందు ఒక్క బుట్ట పెట్టి "బస్సు డిపోకి వెళ్తోంది, అందరూ ఎక్కండి" అంటే బొమ్మలు బుట్టలోకి వస్తాయి. రెండేళ్ళవాళ్ళు రెండు వస్తువులు వేస్తే చాలు, మిగిలినవి మీరు వెయ్యండి. బొమ్మల్లో సగం అటక మీద దాచి నెలకోసారి మార్చండి, తీసే సామాను తగ్గుతుంది.